సున్నపు బట్టీలో కాలిన శిల్పాలు: అన్నీ తెలిసి కూడా మనం ఎందుకు కదలడం లేదు?

పోస్టు కాస్త పొడవుగానే ఉంది. వీలు చూసుకుని ఓపిగ్గా చదవండి.

మొన్నామధ్య హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక వాతావరణ మార్పుల మీద మాట వచ్చింది. గ్రూప్స్‌కి చదువుతున్న తమ్ముడొకడు 2015 పారిస్ ఒప్పందం, 1.5 డిగ్రీల లక్ష్యం అన్నీ గడగడా చెప్పేశాడు. చెప్పి చెప్పి చివర్లో తనే అడిగాడు: "అన్నా, ఇవన్నీ పరీక్షకి రాస్తాం, మార్కులొస్తాయి. కానీ తండాకెళ్లి చెబితే ఎవరైనా ఏమన్నా చేస్తారా? అసలు ఇంత తెలిసిన నేనే ఏం చేస్తున్నా?" ఆ రాత్రి మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

జనానికి తెలియదు కాబట్టి కదలరు, అవగాహన సదస్సు పెడితే సరిపోతుంది అనుకుంటాం. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతం చరిత్ర చూస్తే సంగతి అంత తేలిక కాదనిపిస్తుంది. మన కాళ్ల కింద ఉన్న సున్నపురాయి దగ్గర నుంచే మొదలుపెడదాం.

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. ఊరి పక్కన ధనంబోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బౌద్ధ స్తూపం బయటపడింది. చెక్కిన పలకలన్నీ సున్నపురాయివే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి శాసనం కూడా దొరికింది. అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటి మాట. స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించిన దాత పేరు అందులో ఉంది. అతను రాజు కాదు, సేఠూ కాదు. సిద్ధార్థుడనే పనివాడు. చేతిపనితో బతికినవాడి పేరు పదిహేడు వందల ఏళ్లు రాతి మీద నిలిచింది. మనలాంటి వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే ఇది.

ఇక కృష్ణకు ఎగువన జగ్గయ్యపేట, దిగువన అమరావతి. ఈ రెండింటినీ కలిపే మనిషి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. బేతవోలుకు తన తండ్రి జగ్గన్న పేరు పెట్టి పేటగా కట్టించిన జమీందారు ఆయనే. 18వ శతాబ్దం చివర్లో చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చాడు. అక్కడ కొత్త ఊరు కట్టడానికి రాయి, ఇటుక కావాలి. పక్కనే దీపాలదిన్నె ఉంది. దాన్ని తవ్వితే అద్భుతమైన శిల్పాలతో పలకలు బయటపడ్డాయి. ఆ కబురు తెలిసి 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు.

ఆ తర్వాత జరిగింది మనం జాగ్రత్తగా చూడాలి. కొన్ని పలకలు మెట్లకు, గోడలకు పోయాయి. చాలావాటిని పగలగొట్టి బట్టీలో కాల్చి సున్నం చేసుకున్నారు. మిగిలినవి తర్వాతి కాలంలో మద్రాసు మ్యూజియంకీ, లండన్‌కీ చేరాయి.

ఆ సున్నం కాల్చినవాళ్లు రాక్షసులా? కాదు. ఒక్కొక్కరూ తీసుకెళ్లింది ఒక్కో బండి రాయి. ఇల్లు కట్టుకోవాలి, సున్నం కావాలి, రాయి చేతికందే దూరంలో ఉంది. బండెడు రాయి తీస్తే దిబ్బ తరిగినట్టే కనపడదు. లాభం ఇవాళ, ఆ ఇంటికే. నష్టం ఎప్పుడో, అందరికీ. ఎప్పుడో అందరికీ జరిగే నష్టానికి అడ్డంపడేవాడు ఎవడూ ఉండడు. చెడ్డ ఉద్దేశం ఒక్కరికి కూడా లేకుండానే స్తూపం మాయమైంది.

ఇదే వెంకటాద్రి నాయుడి గురించి మన పెద్దలు మర్చిపోని ఇంకో కథ ఉంది. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిపించి వరసగా తలలు నరికించాడని, ఆ ఊరికే నరుకుళ్లపాడు అన్న పేరు మిగిలిందని చెప్పుకుంటారు. తర్వాత ఆయన పశ్చాత్తాపంతో గుళ్లు కట్టించాడనీ అంటారు. గుళ్ల మీద ఆయన పేరుంది. చనిపోయిన చెంచుల్లో ఒక్కడి పేరైనా ఎక్కడా లేదు. ఊరు కట్టడం, పేట కట్టడం అన్నీ అభివృద్ధి లెక్కలోకే వచ్చాయి. ఖర్చు మాత్రం ఎవరి ఖాతాలో పడిందో చూశారు కదా.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. జగ్గయ్యపేట చుట్టూ సుమారు నలభై ఏళ్లుగా సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. కారణం ఆ సున్నపురాయే. రాయిని కొలిమిలో దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకోండి. 1000 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా కాలితే 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. కొలిమికి వేసే బొగ్గు పొగ దీనికి అదనం. అంటే కరెంటు మొత్తం సోలార్‌తో తెచ్చినా రాయిలోంచి వచ్చే గ్యాస్ ఆగదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోందని అంచనా.

మరి సిమెంటు వద్దందామా? అనలేం. తాటాకు పాకలో వాన పడితే గిన్నెలు పెట్టుకుని కూర్చున్న ఇళ్ల నుంచి వచ్చాం మనం. స్లాబు ఇల్లు మన అమ్మల కల. మన అన్నలు, బాబాయిలు కొందరు ఆ గేట్ల దగ్గరే కాంట్రాక్టు కూలీకి నిలబడతారు, లారీల మీద క్లీనర్లుగా పోతారు. నెల జీతం ఇచ్చేదీ అదే, బ్లాస్టింగ్‌తో గోడ బీటలు తీసేదీ, దుమ్ముతో మిరప కల్లాన్ని కప్పేదీ అదే. తండాలో ఎవరికీ ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుసు. ఇవాళ కూలీ పోతే రేపు పొయ్యి వెలగదన్నది కూడా తెలుసు. సున్నం కాల్చిన బండివాడిలాగే వీళ్లు కూడా బుద్ధిలేక చేయడం లేదు, గత్యంతరం లేక చేస్తున్నారు.

మనవాళ్లు పర్యావరణం అనే మాట వింటే వెనక్కి తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. దీని గురించి బయటివాళ్లు తక్కువ మాట్లాడతారు. 1882లోనే, అంటే ధనంబోడు తవ్విన ఏడాదే, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని కాపాడతామన్న పేరుతో వచ్చిన చట్టమది. కట్టెపుల్ల ఏరుకోవడం, పశువును మేపుకోవడం, పోడు కొట్టుకోవడం అన్నీ ఒక్కసారిగా నేరాలయ్యాయి. అవే అడవుల నుంచి రైలు పట్టాలకు దుంగలు మాత్రం పోయాయి.

అంతకుముందు లంబాడా తాతలు ఎద్దుల బారులు కట్టి బందరు తీరం ఉప్పును పైకీ, పైనున్న ధాన్యాన్ని కిందికీ మోసేవాళ్లు. మన హైవే దారి అప్పట్లో గోల్కొండ నుంచి బందరుకు పోయే బాట. 1889లో హైదరాబాదు వైపు నుంచి బెజవాడకు రైలు వచ్చింది. బస్తా రైలెక్కింది, ఎద్దు పని పోయింది. తిరిగే బతుకే అనుమానమైంది. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసుకు కూడా తెచ్చారు. ఎరుకలతో మొదలై మన కులాల్లో ఎందరి మీదో ఆ ముద్ర పడింది. అభివృద్ధి పేరుతో పోగొట్టుకున్నదీ మనమే, పరిరక్షణ పేరుతో గెంటించుకున్నదీ మనమే. అందుకే ఎవరైనా జీపు దిగి "ప్రకృతిని కాపాడండి" అంటే మన ముసలమ్మ ముందు గుడిసెలో పట్టా ఎక్కడుందో వెతుక్కుంటుంది. అది అజ్ఞానం కాదు, అనుభవం.

ఇప్పుడు మున్నేరు సంగతి. పాకాల చెరువు వైపు నుంచి మొదలై, ఖమ్మం దాటి, పెనుగంచిప్రోలు, నందిగామ మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర ఈ ఏరు హైవే మీదికెక్కింది. హైదరాబాదు, విజయవాడ మధ్య బండ్లు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే జరిగింది. అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అదే ఎక్కువ. ఏటి ఒడ్డున గుడిసె వేసుకుని చేపలు పట్టుకునే యానాది కుటుంబానికి ఆ లెక్కలు అక్కర్లేదు. వల పోయింది, బియ్యం తడిసింది, ఆధార్ కార్డు కొట్టుకుపోయింది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోతగా కురిసే రోజులు పెరుగుతాయని శాస్త్రం చెబుతోంది. అయితే ఈ ఒక్క వరదకు ఈ ఒక్క కొలిమి కారణమని ఎవరూ చూపించలేరు. గట్టు తెగితే తెంచినవాణ్ని పట్టుకుంటాం. ఇక్కడ తెంచినవాళ్లు ప్రపంచమంతా పరుచుకుని ఉన్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని నష్టం మీద జనం పోరాడలేరు. సాయం కోసం లైన్లో నిలబడి, ఇంటికొచ్చి, మళ్లీ అదే ఒడ్డున గుడిసె వేసుకుంటారు.

అయితే మనుషులు ఎప్పటికీ ఇంతేనా? 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇంతే అన్నాడు. అందరిదీ అయిన మేత భూమిని ఎవరికి వారు మేపుకుని నాశనం చేస్తారని ఆయన వాదన. దానికి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువల కింద ఊళ్లు తిరిగి 1988లో ఒక పుస్తకం రాశాడు. కాలువ తలదగ్గర ఊళ్లకు నీళ్లు వాటంతటవే వస్తాయి, అక్కడ ఊరుమ్మడి ఏర్పాటు పెద్దగా లేదు. చివరి ఊళ్లలో మాత్రం జనమే కమిటీ వేసుకున్నారు. వంతుల ప్రకారం నీరు పెట్టేవాళ్లను, పంట కావలివాళ్లను ఊరి డబ్బుతో పెట్టుకున్నారు. ఏ అవగాహన సదస్సూ వాళ్లకు చెప్పలేదు. నీళ్లు అందకపోతే అందరి పంటా ఎండుతుంది. నష్టం కళ్లముందుంది, అది అందరిదీ, దాన్ని ఆపే నియమం వాళ్ల చేతిలోనే ఉంది. ఉమ్మడి వనరులను మనుషులు కాపాడుకోగలరని చూపించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా వేడ్ పరిశోధనను వాడుకున్నారు.

ఒక్కటి మర్చిపోవద్దు. ఆ కమిటీల్లో కూర్చున్నది ఎక్కువగా పొలం ఉన్న పెద్ద రైతులే. భూమి లేనివాళ్లకు అక్కడ మాట లేదు. మనకు కావాల్సింది ఆ పద్ధతి, ఆ పెత్తనం కాదు.

సాగర్ ఎడమ కాలువకు మన మెట్ట కూడా చివరి భూమే. వాతావరణ మార్పు విషయంలో మన తండాలు, కాలనీలు చివరికే చివర. కాబట్టి ముందు కదలాల్సిన అవసరం మనకే ఉంది. కదిలే హక్కులు ఎంతవరకున్నాయి?

1997 సమతా తీర్పు, 1/70 చట్టం, పెసా అన్నీ షెడ్యూల్డ్ ప్రాంతాలకే. మనది మైదానం, ఆ రక్షణ మనకు లేదు. ఆ తీర్పు గురించి పరీక్షల్లో రాసి, అది మనకూ ఉందనుకుని కూర్చుంటున్నాం. మనకున్నవి వేరు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి, ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభలో జరిగింది అదే రోజు తెలుగులో చదివి వినిపించాలి. అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు. మనం వెళ్లం, వెళ్లినా టెంటు వెనక నిలబడతాం, అంతే.

రెండోది, 2015లో ఖనిజ చట్టాన్ని సవరించి పెట్టిన జిల్లా ఖనిజ నిధి. పాత లీజులు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో వచ్చినవి 10 శాతం దానికి కట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం కోసం గని ప్రభావం పడిన ఊళ్లకే ఆ డబ్బు ఖర్చు పెట్టాలి. మన తండా ఆ జాబితాలో ఉందా? సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెడితే తెలుస్తుంది. ఉపాధి కూలీ మానుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు, ఫ్యాక్టరీ మూయించక్కర్లేదు. మన అమ్మానాన్నలకు కాగితం చదవడం రాక ఆగింది. మనకొచ్చు.

ఆ తమ్ముడికి మా జవాబు ఇదే. తెలిసినంత మాత్రాన ఎవరూ కదలరు, నువ్వు కదలకపోవడం నీ ఒక్కడి తప్పేం కాదు. కానీ ప్రపంచం మొత్తాన్ని మోయాలనుకుంటే కూలబడిపోతాం. మనకు అందే చివరి కాలువ ఏదో చూసుకుని అక్కడ పట్టుకోవాలి. ఈ నెలలో ముగ్గురం కూర్చుని ఖనిజ నిధి మీద దరఖాస్తు రాస్తున్నాం. మీ తండా పేరు, మండలం, దగ్గర్లో ఉన్న క్వారీ వివరాలు పంపండి, కలిపి రాద్దాం. వచ్చిన జవాబు, అది ఏదైనా, ఇక్కడే అందరికీ చదివి వినిపిస్తాం.