రుషికుల్య తీరంలో తాబేళ్ల కాలం: పిల్లలు, పెద్దలు తెలుసుకోవలసినవి

ఏటా సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గంజాం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొద్ది రోజుల్లోనే లక్షల తాబేళ్లు ఒడ్డుకు చేరతాయి. 2023లో 6 లక్షలకు పైగా, 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయి. మధ్యలో 2024లో మాత్రం ఇక్కడ గుంపుగా గుడ్లు పెట్టలేదు. బరంపురం వైపు ఉన్న మన పిల్లలకు ఇంత దగ్గర్లో ఇంత పెద్ద పాఠం ఇంకొకటి లేదు.

ఈ తీరాన్ని ఎవరు కాపాడుతున్నారు?

ఒడిశాలోనే ఉన్న గహిర్మఠను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. రుషికుల్యకు ఆ హోదా లేదు. ఇది ఊళ్లు, పడవలు, వలల మధ్య ఉన్న తీరం. అందుకే ఇక్కడ చట్టం ఒక్కటే చాలదు, ఊరి మనుషులు కూడా పూనుకోవాలి. గుడ్లు పెట్టే కాలంలో పురుణబంధ, గోఖర్‌కుడ, పొడంపేట వంటి ఊళ్ల యువకులు అటవీశాఖతో కలిసి కాపలా కాస్తారు. ఈ తీరంలో నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి.

వేట నిషేధం సంగతి

నవంబర్ 1 నుంచి మే 31 వరకు నదీముఖం దగ్గర సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేటపై నిషేధం ఉంటుంది. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. అయితే ఆ ఏడు నెలలూ జాలరుల ఇళ్లలో సంపాదన తగ్గుతుంది. పిల్లలూ, మీ పక్క బెంచీలో కూర్చునేది ఆ ఇంటి బిడ్డే కావచ్చు. “జాలర్లే తాబేళ్లను చంపేస్తున్నారు” అని తేలిగ్గా అనేయకండి. నష్టం భరిస్తున్నదీ వాళ్లే, రాత్రిళ్లు కాపలా కాస్తున్నదీ వాళ్ల ఊళ్ల కుర్రాళ్లే.

గుడ్డు నుంచి సముద్రం దాకా

ఒక్కో తాబేలు ఇసుకలో గుంత తవ్వి సుమారు 100 గుడ్లు పెడుతుంది. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి. చీకటి రాత్రి ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే మాత్రం దారి తప్పి రోడ్డు వైపు వెళ్లిపోతాయి. అందుకే ఆ రోజుల్లో చుట్టుపక్కల దీపాలు ఆర్పమని అడుగుతారు. దారి తప్పిన పిల్లల్ని కాపలావాళ్లు ఏరి నీళ్లలో వదులుతారు.

చూడటానికి వెళితే

• ముందుగా అటవీశాఖ అనుమతి అడగండి, వాళ్లు చూపిన చోటే నిలబడండి.
• టార్చి, ఫోన్ లైటు, ఫ్లాష్ వాడొద్దు.
• తాబేలును, గుడ్లను ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి ఇది. దీన్ని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు.
• తినుబండారాల కవర్లు ఇసుకలో పడేయకండి, ఇంటికి తెచ్చేయండి.

తల్లిదండ్రులకు

2001–02లో కేంద్రం మొదలుపెట్టిన నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పాటయ్యాయి. మీ పిల్లలు అందులో ఉంటే, బీచికి వెళ్లే ముందు ఆ ఊరి జాలరి పెద్దాయన ఎవరినైనా బడికి పిలవమని టీచరుగారిని అడగండి. తాబేళ్లు ఏ గాలికి వస్తాయో, ఏ ఏడు ఎందుకు రాలేదనుకుంటున్నారో ఆయన మన తెలుగులోనే చెబుతారు.