పేటెంటు చదవడం నేర్చిన బాలానగర్

హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) పరిశ్రమ ఎలా వచ్చిందని ఎవరినడిగినా ఐ.డి.పి.ఎల్. పేరే చెబుతారు. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టారు. అక్కడ రియాక్టర్ల దగ్గర పని నేర్చినవాళ్లే తర్వాత జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో సొంత యూనిట్లు పెట్టుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారు అలా బయటికొచ్చినవారే. అయితే ప్లాంటూ మనుషులూ పెట్టుబడీ ఉన్నంత మాత్రాన ఈ పరిశ్రమ నిలబడేది కాదు. చట్టం కూడా దారి ఇవ్వాలి. ఆ దారి 1972 ఏప్రిల్ 20న దొరికింది.

నేను ప్రాసెస్ కెమిస్టుని. జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్ ఆర్ అండ్ డీలో చేరి, పోనుపోను పేటెంట్లు చదివే పనిలోకి మారాను. ఇప్పుడు స్టార్టప్‌లు పెట్టే పిల్లలు వచ్చి, ‘సార్, పేటెంట్ ఎప్పుడు వెయ్యాలి, ఎంతవుతుంది?’ అని అడుగుతుంటారు. నేను ఫీజుల పట్టిక తియ్యను. ముందు బాలానగర్ కథ చెబుతాను. పేటెంటు ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ ఊరు పొట్టకూటి కోసం నేర్చుకుంది. ఒకరి పేటెంటు చదవడం రానివాళ్లకు తమది రాయడం రాదని నా గట్టి నమ్మకం.

బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన 1911 చట్టం ప్రకారం మందు అణువు మీదే పేటెంటు తీసుకోవచ్చు. గడువు 16 ఏళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక బక్షీ టేక్‌చంద్ కమిటీ, ఆ తర్వాత జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఈ చట్టాన్ని పరిశీలించారు. 1959లో అయ్యంగార్ ఇచ్చిన నివేదికను నేను మళ్లీమళ్లీ చదివాను. మన దేశంలో ఉన్న పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయులవని, వాటిలో చాలావాటిని ఇక్కడ అసలు వాడటమే లేదని ఆయన లెక్కలతో చూపించారు. అంటే ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టరు, ఇంకొకరిని పెట్టనివ్వరు. అదే రోజుల్లో అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ కూడా మందుల ధరలు విపరీతంగా ఉన్న దేశాల్లో భారత్‌ను చేర్చింది. పేద దేశంలో మందు ఖరీదు ఎందుకంత ఎక్కువో అయ్యంగార్ నివేదిక చదివితే తెలుస్తుంది.

ఆ నివేదిక పునాదిగా 1970లో కొత్త పేటెంట్ల చట్టం వచ్చింది. అమల్లోకి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. అందులో ఐదో సెక్షన్ చిన్నదే, కానీ మా బతుకులు మార్చింది. మందులకు, ఆహారానికి పదార్థం మీద పేటెంటు ఉండేది కాదు, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉండేది. ఆ పద్ధతి పేటెంటుకైనా గడువు మంజూరు నుంచి ఐదేళ్లు లేదా దాఖలు నుంచి ఏడేళ్లు, ఏది ముందైతే అది. మిగతా ఆవిష్కరణలకు 14 ఏళ్లు.

పదార్థానికీ పద్ధతికీ తేడా ఏమిటో ఐబుప్రొఫెన్‌తో చెబితే తేలిక. ఆ నొప్పి మాత్ర ఇంగ్లండ్‌లో బూట్స్ కంపెనీది. వాళ్ల దారిలో ఐసోబ్యూటైల్ బెంజీన్ దగ్గర మొదలుపెట్టి ఆరు స్టెప్పులు వెయ్యాలి. అల్యూమినియం క్లోరైడ్‌తో ఎసైలేషన్, తర్వాత డార్జెన్స్, ఆ తర్వాత ఆల్డిహైడ్, ఆక్సైమ్, నైట్రైల్, చివరికి యాసిడ్. ప్రతి స్టెప్పులో కొంత సరుకు వ్యర్థంగా పోతుంది. 1992లో అమెరికాలోని బిషప్ అనే ఊళ్లో బి.హెచ్.సి. కంపెనీ అదే మాత్రను మూడు స్టెప్పుల్లో చేసే ప్లాంటు నడిపింది. ఎసైలేషన్, హైడ్రోజనేషన్, పల్లాడియంతో కార్బొనైలేషన్, అంతే. చివర్లో వచ్చే తెల్లటి పొడి రెండు దారుల్లోనూ ఒక్కటే. పదార్థం మీద పేటెంటు ఉంటే రెండో దారి కనిపెట్టినవాడు కూడా మొదటివాడి అనుమతి అడగాలి. పద్ధతి మీదే ఉంటే తన దారిన తాను పోవచ్చు. 1972 తర్వాత మా పనంతా ఆ రెండో దారి వెతకడమే.

వెతకాలంటే చదవాలి. ఇంటర్నెట్ లేని రోజులు. తార్నాకలో ఆర్.ఆర్.ఎల్. అనేవాళ్లం, ఇప్పటి ఐ.ఐ.సి.టి. ఆ లైబ్రరీలో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ లావుపాటి సంపుటాలు తిరగేసి పేటెంటు నంబరు పట్టుకునేవాళ్లం. ప్రతి దొరికితే జిరాక్స్ తీయించి రాత్రి ఇంటిదగ్గర చదువుకోవడమే. పేటెంటులో ముందు వర్ణన, తర్వాత ఉదాహరణలు, చివర క్లెయిములు ఉంటాయి. కుర్ర కెమిస్టులు ఉదాహరణల మీద పడేవారు, గ్రాములూ డిగ్రీలూ అక్కడే ఉంటాయి కనుక. నన్ను తయారుచేసిన సీనియర్ మాత్రం చివరి పేజీ తిప్పి ముందు క్లెయిము ఒకటి చదవమనేవారు. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులో నాలుగు హద్దులు రాసినట్టే క్లెయిము. హద్దులోపల అడుగుపెడితే తగాదా, బయట ఉంటే మన ఇష్టం. క్లెయిములో ఫలానా సాల్వెంటు, ఫలానా క్యాటలిస్టు, ఫలానా ఉష్ణోగ్రత అని మూడూ రాసి ఉంటే, సాధారణంగా మూడూ వాడినవాడే ఉల్లంఘించినట్టు. ఒకటి మార్చి అదే ఈల్డ్ (దిగుబడి) తెస్తే దారి దొరికినట్టే. తెలివైన కంపెనీలు ఆ సంగతి తెలిసే ‘ఒక ఆల్కహాల్ సాల్వెంటు’ అని వెడల్పుగా రాసేవి.

ఉదాహరణల చివర ఒక మాట వచ్చేది: మామూలు పద్ధతిలో వేరుచేయండి. అసలు కష్టం అక్కడే. వేడి ఎంత నెమ్మదిగా దించాలి, స్ఫటికాలకు సీడ్ ఎప్పుడు వెయ్యాలి, సెంట్రిఫ్యూజ్‌లో కడగడానికి ఏ సాల్వెంటు, ఇవేవీ రాసేవాళ్లు కాదు. మేమూ వాటిని కనిపెట్టుకున్నాక ఎక్కడా రాయలేదు. పద్ధతి పేటెంటును ఇంకొకరి గేటు లోపల ఎవరు పట్టుకుంటారు? పొడి చూసి ఏ దారిన వచ్చిందో చెప్పడం చాలాసార్లు కుదరదు. అందుకని పేటెంటు వేయకుండా రహస్యంగా ఉంచుకోవడమే ఆ రోజుల్లో సరైన వ్యూహం. ఇప్పటికీ కొన్ని ఆవిష్కరణలకు అదే సరైనది. ఎదుటివాడు వస్తువు కొని విప్పి చూస్తే తెలిసిపోయేదైతే పేటెంటు వెయ్యాలి. ఎంత విప్పినా తెలియనిదైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఈ స్వేచ్ఛకు మూల్యం ఎవరు చెల్లించారో కూడా చెప్పాలి. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఊళ్ల రైతులు, నక్కవాగు నీళ్లు. ఆరు స్టెప్పుల్లో పోయిన సరుకంతా ఆ వాగులోకే చేరింది. తక్కువ ధరకు మందు చేశామని నేను గర్వపడతాను. ఆ ఊళ్ల పేరు ఎత్తకుండా మాత్రం గర్వపడలేను.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పదేళ్లలో మనమూ మందు అణువులకు పేటెంటు ఇవ్వాలి. జీడిమెట్లలో చాలామంది ఇక మూసేసుకోవడమే అన్నారు. అంజిరెడ్డి గారు మాత్రం 1993లోనే మియాపూర్‌లో పరిశోధన కేంద్రం మొదలుపెట్టి, కొత్త అణువుల కోసం వెతకడం ప్రారంభించారు. 1997లో డయాబెటిస్‌కు పనికొచ్చే ఒక అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ సొంత అణువును బయటి కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది ఇచ్చిన రెండో అణువు ఎలుకల్లో కణుతులు కనిపించడంతో 2002లో ఆగిపోయింది. ఫ్యాక్టరీ కట్టకుండా, మాత్ర అమ్మకుండా కూడా పేటెంటు డబ్బు తెస్తుందని, మందే కాకపోతే ఆ పేటెంటు కాగితంగా మిగిలిపోతుందని అప్పుడు అందరికీ తెలిసింది.

అమెరికాలో ఇంకో పాఠం. అక్కడ 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం, పేటెంటు చెల్లదనో, తమకు వర్తించదనో ముందుగా సవాలు చేసిన జెనెరిక్ కంపెనీకి 180 రోజులు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు దొరుకుతుంది. డిప్రెషన్ మందు ప్రొజాక్ మీద ఎలీ లిల్లీకి ఉన్న రెండో పేటెంటు 2000 ఆగస్టులో బార్ కంపెనీ వేసిన కేసులో కొట్టుకుపోయింది. 40 మిల్లీగ్రాముల క్యాప్స్యూల్‌కు ముందుగా దరఖాస్తు పెట్టింది డాక్టర్ రెడ్డీస్. 2001 ఆగస్టులో ఆ 180 రోజులు హైదరాబాద్ కంపెనీకి దక్కాయి. ఇదంతా చదువరుల విజయం. ఏ మోతాదుకు ఎవరూ ఇంకా దరఖాస్తు పెట్టలేదో కనిపెట్టడం కూడా ఆవిష్కరణే.

చదవడంలో ఒక్క మాట జారితే ఏమవుతుందో రక్తపోటు మందు ఆమ్లోడిపిన్ చూపించింది. ఫైజర్ అమ్మేది బెసిలేట్ సాల్ట్. డాక్టర్ రెడ్డీస్ మాలియేట్ సాల్ట్ తయారుచేసింది. పేటెంటుకు అదనంగా ఇచ్చిన గడువు బెసిలేట్‌కే వర్తిస్తుందన్నది వారి వాదన. న్యూజెర్సీ కోర్టు 2002లో ఒప్పుకుంది. 2004 ఫిబ్రవరిలో పై కోర్టు తిప్పేసింది: గడువు అసలు మందు పదార్థానికి, ఏ సాల్ట్ అయినా ఒకటే అంది. హద్దు ఎక్కడుందో మన లెక్క ఒకటి, కోర్టు లెక్క ఇంకొకటి. అందుకే పేటెంటు దాటిపోయామని ఎవరైనా చెబితే నేను ఇంకో లాయరుకు కూడా చూపించమంటాను.

2005లో మన చట్టం మారింది. పదార్థం పేటెంటు వచ్చింది, గడువు 20 ఏళ్లు. దాంతోపాటు మన పార్లమెంటు తెలివిగా కొన్ని కంచెలు కట్టింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చి, మందుగా దాని పనితనం పెరిగిందని చూపకపోతే పేటెంటు ఇవ్వనక్కర్లేదని సెక్షన్ 3(డి) చెబుతుంది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ స్ఫటిక రూపాన్ని చెన్నై పేటెంటు ఆఫీసు 2006లో తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. వ్యతిరేకించినవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఉంది. అదే నాట్కోకు 2012 మార్చిలో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు యజమాని ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే తయారీ అనుమతి) దక్కింది. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ అప్పట్లో నెలకు 2,80,428 రూపాయలు. నాట్కో 9,000 లోపు అమ్మడానికి అనుమతి వచ్చింది, బదులుగా బేయర్‌కు 6 శాతం రాయల్టీ. ఆ రాయల్టీ తర్వాత 7 శాతం అయింది. పేటెంటు ఇచ్చిన దేశానికి ఆ పేటెంటు వల్ల మందు అందుతుందా అని అడిగే హక్కు ఉంది. 1959లో అయ్యంగార్ అడిగిందీ అదే.

ఈమధ్య వరంగల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మిరపకాయలు ఆరబెట్టే యంత్రం చేసింది. తను రాసుకున్న క్లెయిములో ఫ్యాను, ట్రేలు, సోలార్ ప్యానెల్, తేమ కొలిచే సెన్సర్, మొబైల్ యాప్ అన్నీ పెట్టింది. ‘ఎదుటివాడు యాప్ తీసేసి అమ్మితే ఏం చేస్తావమ్మా?’ అన్నాను. కాసేపు కాగితం వంక చూసి, ‘అయితే నాదేమీ మిగలదు సార్’ అంది. గడువు తీరిన పాత డ్రయర్ల పేటెంట్లు చదవమని పంపాను. గడువు తీరినవి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తీరనివి ఎక్కడ కాలు పెట్టకూడదో చెబుతాయి. తిరిగొచ్చేసరికి తనది ఏదో తెలుసుకుంది: కొంతసేపటికోసారి గాలి దిశ మార్చి, కాయ రంగు పోకుండా చూసే పద్ధతి. మొదటి క్లెయిములో దాన్నే ఉంచి, యాప్‌ను కింది క్లెయిముల్లోకి దించాం.

మరుసటి వారం కాలేజీలో ప్రదర్శన ఉందనీ, వీడియో పెడతామనీ చెప్పింది. అక్కడ ఆపాను. బయటపెట్టాక దాఖలు చేస్తే మన చట్టంలో చాలా సందర్భాల్లో కొత్తదనం పోయినట్టే. కొన్ని నోటిఫై చేసిన ప్రదర్శనలకు, శాస్త్ర సంఘాల సమావేశాల వంటివాటికి మినహాయింపు ఉంది. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (తాత్కాలిక వివరణ) వేస్తే 12 నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. ఆ 12 నెలల్లోనే విదేశాల్లోనూ వేసుకోవచ్చు, పి.సి.టి. అనే అంతర్జాతీయ పేటెంటు ఒప్పందం దారిన వెళితే ఒక్కో దేశంలో అడుగుపెట్టడానికి సుమారు 30 నెలల వెసులుబాటు ఉంటుంది. ఇక్కడ వేయకుండా నేరుగా బయట వేయాలంటే మాత్రం మన పేటెంటు ఆఫీసు అనుమతి కావాలి. స్టార్టప్‌లకు ఫీజు రాయితీ ఉంది, పరీక్ష త్వరగా చేయమని అడిగే వీలు ఉంది. ప్రదర్శనకు రెండు రోజుల ముందు తన దరఖాస్తు నంబరు ఫోన్లో పంపింది. వీడియో ఆ తర్వాతే పెట్టారు.