తీగ మలిచిన గిటారు

గిటారు చరిత్రలో మనకు వినిపించే పేర్లు రెండు రకాలు. వాద్యాన్ని తయారు చేసినవాళ్లవి, దాన్ని వాయించి పేరు తెచ్చుకున్నవాళ్లవి. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోర్రెస్ దాని ఒంటికి కొలతలు కుదిర్చాడు, ఆంద్రెస్ సెగోవియా దాన్ని కచేరీ వేదిక ఎక్కించాడు అని చదువుతాం. వీళ్లిద్దరి మధ్యా ఉన్న తీగ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది అరిగిపోతుంది, తెగుతుంది, చుట్ట చుట్టి పారేస్తారు. మ్యూజియంలో చెక్క మిగులుతుంది గాని తీగ మిగలదు. అందుకే చరిత్ర అంతా చెక్క వైపే మొగ్గింది. కానీ ఈ వాద్యం పెద్ద మలుపులు తిరిగిన చోటల్లా ఆనవాళ్లు పరిశీలిస్తే, చాలాసార్లు ముందు మారింది తీగే అని తేలుతుంది. చెక్క, ఇనుము, ఆఖరికి వాయించే పద్ధతీ ఆ తీగకు తగ్గట్టు తర్వాత సర్దుకున్నాయి.

మొదట్లో తీగ అంటే పేగు. గొర్రె పేగును కడిగి, పొరలు గీరి, తడి ఆరకముందే మెలిపెట్టి, లాగి కట్టి ఆరబెట్టేవారు. ఇటలీలో అబ్రుత్సో కొండల్లోని సాలె గ్రామం ఈ పనికి ప్రసిద్ధి. ఈనాడు గిటారు తీగలకు ప్రపంచమంతా తెలిసిన డడారియో కుటుంబం మూలాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి. పేగు తీగ నాదం మెత్తన, ఆయువు తక్కువ. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది. 1676లో ఇంగ్లండులో థామస్ మేస్ అనే వాద్యకారుడు రాసిన పుస్తకంలో ల్యూట్ అనే తీగ వాద్యాన్ని పగటిపూట ఎక్కడ ఉంచాలో చెప్పాడు. రోజూ మనుషులు పడుకునే మంచం మీద, దుప్పట్ల మధ్య ఉంచాలట, చెమ్మ తగలకుండా. ఆ కాలంలో వాద్యాన్ని కాపాడుకోవడమంటే తీగను తేమ నుంచి కాపాడుకోవడమే. పేగుతో ఇంకో చిక్కు మంద్రస్థాయిది. లోతైన స్వరం కావాలంటే తీగ పొడవైనా పెరగాలి, బరువైనా పెరగాలి. ఊరికే లావు చేస్తే బిరుసెక్కి మొద్దుగా మోగుతుంది. 17వ శతాబ్దం నడుమ పేగు మీదా పట్టు మీదా సన్నని లోహపు తీగ చుట్టడం మొదలయ్యాక ఆ చిక్కు విడిపోయింది. పొట్టి మెడ మీద కూడా మంద్రం నిండుగా పలికింది. 18వ శతాబ్దం చివరికి ఆరు ఒంటి తీగల గిటారు నిలదొక్కుకోవడంలో ఈ చుట్టుతీగ పాత్ర తక్కువేమీ కాదు.

టోర్రెస్ కాలంలో తీగ మారలేదు కదా, అయినా ఆయన గిటారును మార్చాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ ఆయన పైపలకను అంత పల్చగా చెక్కగలిగింది పేగు తీగల లాగుడు తక్కువ కాబట్టే. ఆ పలకకు ఉక్కు తీగలు బిగిస్తే నిలవదు. అమెరికాలో జరిగిన కథ దీనికి రుజువు. 1833లో జర్మనీ నుంచి వలస వచ్చిన సి. ఎఫ్. మార్టిన్ మొదలుపెట్టిన కంపెనీ దశాబ్దాల పాటు పేగు తీగల గిటార్లే చేసింది. 1915 శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం మోజు దేశమంతా పాకింది. దానికి ఉక్కు తీగలు కావాలి. 1922లో మార్టిన్ ఉక్కు తీగలకు తగిన మోడల్‌ను తెచ్చింది, ఆ దశాబ్దం ముగిసేసరికి మిగతా గిటార్లూ ఆ దారే పట్టాయి. పేగు స్థానంలో తర్వాత వచ్చిన నైలాన్ తీగలు ఆరూ కలిసి సుమారు 40 కిలోల బరువుతో లాగుతాయి. ఉక్కువైతే 70 కిలోలు దాటుతాయి. అందుకే పలక కింది కమ్మీలు బలపడ్డాయి. గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ మెడలోపల ఇనుప కడ్డీ పెట్టే పద్ధతికి 1923లో పేటెంట్ పొందాడు. ఇవాళ మెడ వంగితే చిన్న తాళంతో తిప్పి సరిచేసేది ఆ కడ్డీనే.

రెండో అభ్యంతరం కాస్త గట్టిది. గిటారును నిజంగా మార్చింది విద్యుత్తు గాని తీగ కాదని అంటారు. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్ ఎలా పని చేస్తుందో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం చెదిరి చుట్టలో కరెంటు పుడుతుంది. పేగుకో నైలాన్‌కో ఈ గుణం లేదు. ఉక్కు ముందే రాకపోతే 1932లో బోషాం, రికెన్‌బాకర్ అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ గిటారుకు చోటే లేదు, 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ గిటారుకూ లేదు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేసిందీ తీగ దగ్గరి మార్పే. మామూలు మాండొలిన్‌కు ఉండే జంట తీగల మీద గమకం లాగితే రెండూ ఒకే శ్రుతిలో కదలవు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద జంటలు తీసేసి ఒంటి తీగలు, మొత్తం అయిదు వేసుకున్నాడు. మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలకడానికి దారి అక్కడ తెరుచుకుంది.

అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేస్ విద్వాంసుడు జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు, మరి తీగల సంరక్షణకు అంత విలువెక్కడిది అనేవాళ్లూ ఉన్నారు. పాత తీగలో ఏం జరుగుతుందో చూద్దాం. చెమట, మురికి చుట్ల మధ్య చేరతాయి, ఫ్రెట్లు, అంటే మెట్లు, తగిలిన చోట నొక్కులు పడతాయి. దాంతో తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు, పై స్వరాలు మాయమవుతాయి. జేమర్సన్ నునుపు చుట్టు తీగల మీద ఆ ముద్ద నాదమే కోరుకున్నాడు. 1966 ప్రాంతంలో రాక్ బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్‌విసిల్ గరుకు చుట్టు తీగలతో ఖంగున మోగే బేస్ కోరుకున్నాడు. ఒకరు మార్చకపోవడం, మరొకరు కొత్తవి వెతకడం, రెండూ తీగ గురించి తెలిసి చేసిన నిర్ణయాలే. కొత్త తీగ వేసినప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలితో తాకి పలికించిన నాదాన్నీ, నొక్కి పలికించిన స్వరాన్నీ పోల్చి చూస్తారు. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరుపుతారు. వీణకు మైనంలో మెట్లు సర్ది మేళం కట్టే మన పనివారు చేసేదీ ఇలాంటి విచారణే, స్వరం తప్పుతున్నది ఎక్కడని.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పేగు శస్త్రచికిత్స కుట్లకు తరలిపోయి కరువైనప్పుడు, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు. సెగోవియా వాటిని వాయించాడు. క్లాసికల్ గిటారు ఆ తర్వాత మళ్లీ పేగు వైపు చూడలేదు. ఆ కచేరీల కీర్తిలో తీగ చేసినవాడికీ వాటా ఉంది. ఈ చరిత్ర తెలియడం వల్ల చేతికందే ప్రయోజనమూ ఒకటుంది. పేగు కోసం కట్టిన పాత గిటార్లకు ఉక్కు తీగలు బిగించి బ్రిడ్జిలు ఊడగొట్టుకున్నవాళ్లు ఎందరో. పాత వాద్యం చేతికొస్తే పేరు, ఏడు చూసే ముందు అది ఏ తీగ కోసం పుట్టిందో తెలుసుకోవాలి. తీగ మార్చేవాణ్ణి ఇకనైనా గిటారు చరిత్రలో వడ్రంగి పక్కన, విద్వాంసుడి పక్కన నిలబెట్టాలి.