ఇంజనుకూ శ్రుతి కావాలి

పొయ్యి మంట ఎర్రబడి గిన్నెలు మసిబారితే, గాలి చాలలేదని మనకు ఇట్టే తెలుస్తుంది. కారు ఇంజను సంగతీ అంతే. పెట్రోలుకు తగిన గాలి, సమయానికి నిప్పురవ్వ కుదర్చడమే ట్యూనింగ్.

1960లలో, 70లలో అంబాసిడర్, ఫియట్ కార్లకు మెకానిక్ బానెట్ ఎత్తి, ప్లగ్గులు తుడిచి, పాయింట్ల సందు సరిచేసి, చెవి ఒగ్గి వింటూ కార్బ్యురేటర్ స్క్రూ తిప్పేవాడు. చెవే కొలబద్ద!

కాని చెవికి అందనిది ఒకటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. హాయిగా పాడే ఇంజనూ విషం కక్కవచ్చు. అందుకే 1976లో వోల్వో కార్లలో, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే సెన్సారు పెట్టారు. మన దేశంలో 2000లో పొగ నిబంధనలు బిగిశాక, కొత్త కార్లలో కార్బ్యురేటర్ క్రమంగా తప్పుకుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలిని ఇప్పుడు చిన్న కంప్యూటరే క్షణక్షణం సరిచూస్తుంది.

ఆనాటి శ్రుతి మన ప్రయాణం కోసం. ఈనాటిది రోడ్డువార నడిచే పిల్లల ఊపిరి కోసం కూడా. కనుక ఇంజను దీపం వెలిగితే, ‘బండి నడుస్తోందిగా’ అని ఊరుకోకండమ్మా!