అల్లరి మూక ఊరేగింపుగా మారిన కథ

ఏటా అక్టోబరు నెలాఖరున అమెరికాలోని పలు ప్రాథమిక పాఠశాలల్లో ఒక వేడుక జరుగుతుంది. దయ్యాలు, మంత్రగత్తెలు, వ్యోమగాముల వేషాలు వేసుకున్న పసివాళ్ళు బారులు తీరి బడి చుట్టూ నడుస్తారు. తల్లిదండ్రులు దారికి ఇరువైపులా నిలబడి చప్పట్లు చరుస్తారు. చూసేవారికి ఇది అనాదిగా వస్తున్న ఆచారమే అనిపిస్తుంది. కాని దీని వయస్సు నూరేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. ఊరి పెద్దల విసుగులోనుంచి పుట్టిన వేడుక ఇది.

హాలోవీన్ పండుగను పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాకు తెచ్చినవారు ఐర్లండు, స్కాట్లండుల నుంచి వలస వచ్చినవారు. అక్కడ టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు; ఇక్కడ దాని స్థానాన్ని గుమ్మడికాయ ఆక్రమించింది. పండుగతోపాటు ఆ రాత్రి చేసే అల్లరి కూడా ఓడ దిగింది. భోగి మంట కోసం రాత్రికి రాత్రి పొరుగువారి కర్రా కంపా ఎత్తుకుపోయిన మన పల్లెటూరి కుర్రకారు గుర్తుకు వస్తే తప్పు లేదు!

మిన్నెసోటా రాష్ట్రంలో అనోకా అనే చిన్న పట్టణం ఉంది. హాలోవీన్ మరునాడు తెల్లవారి చూస్తే ఆవులు నడివీధిలో తిరుగుతూ ఉండేవట. కిటికీ అద్దాలకు సబ్బు పూత, పెరటి మరుగుదొడ్లు బోర్లా. దండించి లాభం లేదని గ్రహించిన పెద్దలు 1920లో ఒక సంఘంగా ఏర్పడి బడిపిల్లల చేత ఊరేగింపు జరిపించారు. నడిచిన ప్రతి బిడ్డకూ పేలాలు, వేరుశనగలు, మిఠాయి పంచి, కూడలిలో పెద్ద మంట వేశారు. ఆకతాయితనాన్ని ఊరి పండుగగా మార్చిన ఈ ఉపాయం నాకు మహా ముచ్చటగా తోస్తుంది. యుద్ధం మూలంగా 1942, 1943లలో మాత్రం అక్కడ ఉత్సవం ఆగింది. 1930ల ఆర్థిక మాంద్యంలో అల్లరి విధ్వంసంగా ముదిరినప్పుడు అనేక పట్టణాలు ఈ బాటే పట్టాయి.

1950లో ఫిలడెల్ఫియాకు చెందిన ఆలిసన్ దంపతులు మరొక మెట్టు ఎక్కించారు. పిల్లలు మిఠాయికి బదులు పరదేశపు పిల్లల కోసం చిల్లర నాణాలు అడిగారు. తొలి ఏడు పోగైనది 17 డాలర్లు; అది యునిసెఫ్‌కు చేరింది. ఆ పద్ధతి దరిమిలా దేశమంతటా వ్యాపించింది.

ఇప్పుడు చిక్కు వేరు. మతం ఒప్పని ఇళ్ళ పిల్లలు, వేషం కొనలేని పిల్లలు ఆ పూట గ్రంథాలయంలో కూర్చుంటారు, లేదా బడి మానేస్తారు. అందుకని కొన్ని బడులు ఊరేగింపునే ఎత్తివేశాయి. కొన్ని శరదుత్సవమని పేరు మార్చాయి. పేరు మార్పును వెక్కిరించేవారిని చూశాను గాని, నాకు అందులో తప్పు కనబడదు. వీధిలో తిరిగే కుర్రవాణ్ణి లోపలికి పిలవడానికే కదా అనోకా పెద్దలు ఆనాడు పేలాలు వేయించింది! కొన్నిచోట్ల పిల్లలు తమకు నచ్చిన కథలోని పాత్రగా రావచ్చునంటారు. ఇంట్లో ఉన్న పాత తువ్వాలు భుజాన వేసుకుని వచ్చినా ఆ వరుసలో చోటుంటుంది.