రంగం నుంచి హెచ్-1బీ దాకా: రూల్ మారిన రోజు మనోళ్ళకి ఏమైంది?

కోటబొమ్మాళి అనగానే చాలామందికి 2023లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. నాకైతే అది మా ఊరు.

2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు అంటూ సంతకం పెట్టారు. రెండు రోజుల్లో అమలు. అప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుందా లేదా? ఆ రాత్రి ఎవరికీ క్లారిటీ లేదు. సెలవుకి ఇంటికొచ్చిన నా ఫ్రెండ్ ఒకడు అన్నం మధ్యలో లేచి విశాఖ ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తాడు. ఫీజు కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చేసరికి వాడు ఫ్లైట్‌లో ఉన్నాడు.

ఇది విని మా నాన్నమ్మ అంది: "ఇదేటి కొత్తా బావూ? రంగం ఎళ్ళినోళ్ళకీ ఇలాగే అయింది."

రంగం అంటే రంగూన్, ఇప్పటి మయన్మార్‌లో యాంగాన్. మన ఉద్దానం తీరంలో బారువ, కిందకి కళింగపట్నం. ఒకప్పుడు ఈ రేవుల నుంచి మనోళ్ళు ఓడలెక్కి రంగం వెళ్ళేవారు. పాస్‌పోర్ట్ లేదు, వీసా లేదు. ఎందుకంటే అప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్స్. ఇవాళ మనం పని కోసం హైదరాబాద్ వెళ్ళినట్టే అన్నమాట. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షలకి పైనే. రంగూన్ సిటీలో అయితే సగానికి మించి మనవాళ్ళే. తెలుగోళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద.

వీళ్ళని తీసుకెళ్ళింది మేస్త్రీలు. ముందు అడ్వాన్స్ ఇస్తారు, తర్వాత ఆ అప్పు తీరేదాకా వాళ్ళ చేతిలోనే ఉండాలి. కూలి కూడా మేస్త్రీ చేతి మీదుగానే వచ్చేది, అందులో వాడి కోత వాడికి.

ఇప్పుడు 1930 మే నెలకి రండి. రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె సెటిల్ అయ్యాక, మే 26న, ఆ బర్మా వాళ్ళని ఇక వెళ్ళిపోమన్నారు. అక్కడ మొదలైన గొడవలో వంద మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మన తెలుగోళ్ళే. ఒకళ్ళని చూపించి ఇంకొకళ్ళ కూలి తగ్గించింది కంపెనీలు. ప్రాణాలు పోయింది కూలీలవి.

బర్మా వాళ్ళ కోపంలో న్యాయం లేదా అంటే, ఉంది. తమ దేశంలోకి ఎవరు రావాలో, ఎంతమంది రావాలో వాళ్ళని ఎవరూ అడగలేదు. ఈ మాట మనం ఒప్పుకోవాలి.

1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. మన మనిషి ఉన్నచోటే ఉన్నాడు, గీత మారింది. వలసల మీద విచారణకి బాక్స్‌టర్ అనే అధికారిని వేశారు. భారతీయ కూలీల వల్ల బర్మా వాళ్ళ పనులు పెద్దగా పోలేదని, అయినా రాకపోకలకి ఒక పద్ధతి ఉండాలని ఆయన రిపోర్ట్. 1941లో ఒప్పందం కుదిరింది, అందులో పర్మిట్ల పద్ధతి పెట్టారు. కానీ అప్పటికే లేట్. ఆ డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాయి. దాదాపు 5 లక్షల మంది బయల్దేరారు, చాలామంది అడవులు, కొండల మీదుగా నడిచే. దారిలో వేల మంది పోయారు.

యుద్ధం తర్వాత మిగిలినవాళ్ళకి 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు రద్దు. దాచుకున్నది కాగితం అయిపోయింది. దాదాపు 3 లక్షల మంది ఇండియాకి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ పేరు ఇలా వచ్చిందే.

సరే, మరి ఒక దేశం వలస విధానం ఎలా మార్చుకోవాలి? రంగం కథ నుంచి నాకు మూడు విషయాలు అర్థమయ్యాయి.

ఒకటి, ఎంతమందిని రానివ్వాలనేది ఆ దేశం హక్కు. కానీ పాత రూల్ నమ్మి వచ్చేసిన మనిషికి రాత్రికి రాత్రి రూల్ మార్చకూడదు. గడువు ఇవ్వాలి.

రెండు, లోకల్ అయినా వలస వచ్చినా ఒకే పనికి ఒకే కూలి ఉండాలి. అప్పుడు ఒకళ్ళని చూపించి ఇంకొకళ్ళ కూలి తగ్గించే వీలుండదు.

మూడు, వీసా ఒకే యజమానికి కట్టేయకూడదు, ఏజెంట్‌కి అప్పు పడేలా ఉండకూడదు. వీసా యజమాని చేతిలో ఉంటే అతనే కొత్త మేస్త్రీ.

ఈ మూడోది మన దగ్గర ఇవాళ్టి సమస్య కూడా. మా పెద్దమ్మ కొడుకు, టెన్త్ పాసవలేదు, గల్ఫ్‌లో వెల్డింగ్ పని అని ఒక ఏజెంట్‌కి లక్షన్నర కట్టాడు. చేతిలో పెట్టింది విజిట్ వీసా. నాలుగు నెలలకి ఖాళీ చేతులతో వచ్చాడు, అప్పు ఇంకా తీరుతోంది. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, టెన్త్ పాసవనివాళ్ళు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే క్లియరెన్స్ తీసుకోవాలి. రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ 30 వేలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. మా అన్నయ్యకి ఇది తెలీదు, చెప్పినవాళ్ళూ లేరు.

కాబట్టి డబ్బు కట్టేముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంట్ పేరు ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. విజిట్ వీసా మీద పని అంటే ఆగిపోండి.

మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన తాతలు, ముత్తాతలు ఉంటే, ఇవాళే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.