ఇంటిపేరు: వదిలి వచ్చిన ఊరి గుర్తు

‘ఇల్లు’ మరో మాట పక్కన చేరితే ‘ఇంటి’ అవుతుంది. ‘ఇంటిపేరు’ అలా పుట్టిన మాటే. ఇంటిపేర్ల లోపలా ఇదే వ్యాకరణం దాగి ఉంది. ఊరి పేరు చివర ఉన్న ‘ఊరు’ ‘ఊరి’ అవుతుంది, ‘పాడు’ ‘పాటి’ అవుతుంది. అంటే ఫలానా ఊరివాళ్లని అర్థం.

కందుకూరి వీరేశలింగం గారు 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. ఆయన ఇంటిపేరు మాత్రం దక్షిణాన ఉన్న కందుకూరుది. పూర్వీకులది ఆ ఊరు. కందుకూరులోనే ఉన్నవాళ్లను కందుకూరివాళ్లని ప్రత్యేకంగా పిలవాల్సిన పని లేదు. ఊరు దాటాకే ఊరి పేరు ఇంటిపేరవుతుంది. అందుకే అది వలసకు సాక్ష్యం. కరణం, పురాణం లాంటివి ఊరి బదులు వృత్తిని చెబుతాయి.

అసలు పేర్లు ఇంటి భక్తిని చెబుతాయి. సత్యనారాయణ అంటే అన్నవరం కొండ, మాణిక్యాంబ అంటే ద్రాక్షారామం, మావుళ్ళు అంటే భీమవరం అమ్మవారు గుర్తొస్తారు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే పేరు తరం విడిచి తరంలో మళ్లీ పలుకుతుంది.

పుష్కరాల రేవులో పిండం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబుతాం. ఆ పైవాళ్ల పేర్లు చాలామందికి తెలియవు. మామ్మనో తాతయ్యనో ఇవాళే అడిగి రాసుకోండి. వాళ్లతోపాటు ఆ పేర్లూ వెళ్లిపోకూడదు.